ఎరుగని ప్రశ్న: సామర్థ్యాల ఆధారిత విద్యపై ఒక విమర్శ

చల్లని నీళ్లు పోసిన గాజుగ్లాసును బల్లమీద ఉంచితే, కొంతసేపటికి దాని వెలుపలి భాగంపై నీటి బిందువులు ఏర్పడతాయి. గ్లాసుకు చిల్లు లేదు. లోపలి నీరు బయటికి వచ్చే దారి లేదు. మరి ఆ నీరు ఎక్కడిది? ఈ ప్రశ్నను పదవ తరగతి చదివే ఇద్దరు విద్యార్థులను అడిగామనుకుందాం. మొదటి విద్యార్థిని ఈ ప్రశ్నను ఇదివరకు విని ఉండలేదు. ఆమె గ్లాసును ఒకసారి తుడిచి, మళ్లీ బిందువులు ఏర్పడేదాకా చూచి, "గాలిలో ఆవిరి ఉంటుంది గదా సార్, అది చల్లని గాజును తగిలి నీరై ఉంటుంది" అన్నది. రెండవ విద్యార్థి ప్రశ్న పూర్తి కాకముందే గైడులోని నాలుగు వాక్యాలను తడుముకోకుండా అప్పజెప్పాడు. "సాంద్రీకరణం" అనే మాటను కూడ సరియైన చోటనే ప్రయోగించాడు. పరీక్షలో ఇద్దరికీ సమానంగా మార్కులు వస్తాయి. రెండవవానికే ఒక మార్కు ఎక్కువ వచ్చినా ఆశ్చర్యపోనక్కరలేదు.

ఇప్పుడు ఇదే విషయాన్ని వేరొక రూపంలో అడుగుదాం. ఆగస్టు నెలలో ఏ.సి. రైలుపెట్టెలోనుండి విజయవాడ ప్లాట్‌ఫారంమీద దిగగానే ఒక ప్రయాణికుని కళ్లద్దాలు మసకబారాయి. కొద్ది నిమిషాలలో ఆ మసక దానంతటదే పోయింది. అదే ప్రయాణికుడు మే నెల మధ్యాహ్నం హైదరాబాదులో దిగినప్పుడు అద్దాలు అంతగా మసకబారలేదు. ఈ మూడింటికీ కారణం ఏమిటి? ఇందులో గ్లాసు లేదు, చల్లని నీళ్లు లేవు, గైడులోని నాలుగు వాక్యాలు అతికే చోటు లేదు. మొదటి విద్యార్థిని ఇక్కడ కూడ ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. అద్దాలు రైలులో చల్లబడ్డాయనీ, సముద్రతీరానికి చేరువలోని గాలిలో తేమ అధికమనీ, అద్దాలు వేడెక్కగానే ఆ తేమ తిరిగి ఆవిరైపోతుందనీ, వేసవిలో హైదరాబాదు గాలి పొడిగా ఉంటుందనీ ఒక్కొక్కటే కూడబలుక్కుంటుంది. రెండవ విద్యార్థి, "ఇది సిలబసులో లేదు సార్" అంటాడు.

సామర్థ్యాల ఆధారిత విద్య అని నేడు విద్యావిధాన పత్రాలలో తరచు కనిపించే పదబంధానికి అర్థం ఈ రెండు ప్రశ్నల మధ్యనే ఉన్నది. నేర్చినదానిని ఎరుగని సందర్భంలో వినియోగించగలగడమే సామర్థ్యం. ఓమ్ నియమాన్ని తప్పు లేకుండా చెప్పడం జ్ఞానం. ఇంట్లో రెండు బల్బులను ఒకే తీగపై వరుసగా కలిపితే అవి ఎందుకు మందంగా వెలుగుతున్నాయో కనిపెట్టడం సామర్థ్యం. మొదటిది లేకుండా రెండవది రాదు. కాని మొదటిది వచ్చినంత మాత్రాన రెండవది వచ్చి తీరుతుందన్న హామీ లేదు.

దీనినిబట్టి ఇంకొక సంగతి కూడ తేలుతున్నది. సామర్థ్యాన్ని పరీక్షించే ప్రశ్న అని శాశ్వతంగా ముద్రవేయదగిన ప్రశ్న ఏదీ లేదు. గ్లాసు ప్రశ్న మొదటిసారి అడిగిన రోజున సామర్థ్యాన్ని పరీక్షించింది. అది గైడులోకి ఎక్కిన మరునాటినుండి జ్ఞాపకశక్తిని మాత్రమే పరీక్షిస్తున్నది. ఈ చిన్న విషయాన్ని విస్మరించడం వల్లనే మన రాష్ట్రాలలో ఒక మంచి సంస్కరణ సగం దారిలో చతికిలబడిందని ఈ వ్యాసం వాదం.

పాత ఆలోచనే

ఈ ఆలోచన నిన్న మొన్న పుట్టినది కాదు. మొదలియార్ అధ్యక్షతన 1952–53లో పనిచేసిన మాధ్యమిక విద్యాసంఘం, మన పాఠశాలల మెడకు చుట్టుకొన్నది చివరి పరీక్షేనని గుర్తించి, విద్యార్థి బడిలో చేసిన పనిని కూడ లెక్కలోకి తీసుకోవాలని సూచించింది. అమెరికాలో బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు విద్యా లక్ష్యాలను జ్ఞానం, అవగాహన, వినియోగం మొదలైన మెట్లుగా విభజించిన గ్రంథం 1956లో వెలువడింది. తరువాత స్వల్పకాలంలోనే బ్లూమ్ మన దేశానికి వచ్చి పరీక్షల సంస్కరణపై ఉపాధ్యాయులకు కార్యగోష్ఠులు నడిపాడు. 1964–66 నాటి కొఠారీ సంఘం కూడ ఇదే మార్గాన్ని బలపరచింది. 1990 దశకం ఆరంభంలో ప్రాథమిక తరగతులకు కనీస అభ్యసన స్థాయిలు వచ్చాయి. ఇందులో సామర్థ్యాలకు అంకెలు వేసి జాబితాలు తయారు చేశారు. చాలచోట్ల ఆ జాబితా ఒక రిజిస్టరుగా, బోధన ఆ రిజిస్టరులో టిక్కులు పెట్టే పనిగా పరిణమించింది.

పరీక్ష ఎవరి చేతిలో ఉంటే పాఠశాల వారి చేతిలో ఉంటుందన్న సత్యం మా హైదర్‌గూడ పరిసరాలకు కొత్త కాదు. పక్కనే నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారి పేరు మోస్తున్న బాలికల ఉన్నత పాఠశాల ఉన్నది. 1928లో తెలుగు మాధ్యమంలో ప్రారంభమైన ఆ పాఠశాల, నిజాం రాజ్యంలో తెలుగులో చదివినవారికి తగిన పరీక్ష లేకపోవడం చేత, బొంబాయి ప్రాంతంలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయంతో సంబంధం పెట్టుకోవలసి వచ్చింది. ఏ భాషలో చదువు చెప్పాలో ఆనాడు పరీక్ష నిర్ణయించబోయింది. ఏ విధంగా ఆలోచించాలో నేడు పరీక్ష నిర్ణయిస్తున్నది.

ఏడు ప్రమాణాలు

హైదర్‌గూడనుండి కాస్త నడిస్తే బషీర్‌బాగులో, లాల్‌బహదూర్ స్టేడియం ఎదుట, రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి రాష్ట్ర విద్యా ప్రణాళికా పరిధి పత్రం ఈ సంస్థ చేతిమీదుగానే రూపుదిద్దుకొన్నది. ఆ తరువాత వచ్చిన కొత్త విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకాలు ప్రతి పాఠానికి కొన్ని విద్యా ప్రమాణాలను నిర్దేశించాయి. విషయావగాహన, ప్రశ్నించడం, పరికల్పన చేయడం, ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు, సమాచార సేకరణ, ప్రాజెక్టు పనులు, బొమ్మలు, నమూనాల ద్వారా భావప్రసారం, అభినందన, సౌందర్య స్పృహ, విలువలు, నిత్యజీవిత వినియోగం, జీవవైవిధ్యంపట్ల శ్రద్ధ — ఇవి ఏడు.

ఈ జాబితాను చదివిన ఏ విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడైనా సంతోషించక మానడు. విజ్ఞానం అంటే సమాధానాల మూట అన్న భావనను ఇది తోసిపుచ్చింది. పిల్లవాడు ప్రశ్న వేయడం కూడ చదువులో భాగమేనని పాఠ్యపుస్తకమే చెప్పింది. ఆ ధైర్యాన్ని మనం మెచ్చుకోవాలి.

2014 మే నెలలో తొమ్మిది, పది తరగతుల పరీక్షలను కూడ దీనికి అనుగుణంగా మార్చారు. ప్రతి విషయంలోనూ వంద మార్కులలో 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 మార్కులు పాఠశాలలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనానికి కేటాయించారు. పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష — ఈ నాలుగు సాధనాలతో ఉపాధ్యాయుడే ఆ మార్కులు వేయాలి. 2015 మార్చిలో తెలంగాణ విద్యార్థులు ఈ పద్ధతిలో మొదటిసారి పరీక్ష రాశారు.

ఇంతవరకు బాగానే ఉన్నది. తరువాత ఏమి జరిగిందో కోఠీ, సుల్తాన్‌బజారు పుస్తకాల దుకాణాలలో ఏదో ఒక గైడును తిరగవేసినవారికి తెలుసు.

ప్రశ్నించే సామర్థ్యాన్ని పరీక్షించడానికి, ఫలానా అంశాన్ని గురించి నీవు అడిగే రెండు ప్రశ్నలు రాయుమని ప్రశ్నపత్రంలో ఇస్తారు. గైడులో ప్రతి పాఠం చివర విద్యార్థి అడగవలసిన ప్రశ్నలు అచ్చువేసి ఉంటాయి. విద్యార్థి వాటిని కంఠస్థం చేస్తాడు. కుతూహలం కూడ బట్టీపట్టదగిన వస్తువైపోయింది. తనకు లేని సందేహాన్ని తనదిగా రాసి రెండు మార్కులు సంపాదించడం పదిహేనేండ్ల పిల్లవానికి మనం నేర్పుతున్న విద్య. దీనిని మించిన విపర్యాసం విజ్ఞాన బోధనలో మరొకటి ఉంటుందా?

అభినందన విషయమూ అంతే. 2014లో వెలువడిన పదవ తరగతి భౌతిక రసాయనశాస్త్ర పుస్తకంలోని ఉష్ణం పాఠంలో, నీటి విశిష్టోష్ణం అధికం కావడం వల్ల భూమి ఉష్ణోగ్రతలు నిలకడగా ఉండటాన్ని విద్యార్థి ఎట్లా అభినందిస్తాడో అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. ఆ ఊహ వెనుక మంచి ఉద్దేశమే ఉన్నది. సముద్రాలు పగటి వేడిని దాచుకొని రాత్రికి విడిచిపెట్టకపోతే మన బ్రతుకు ఎట్లా ఉండేదో తలచుకొని ఒక పిల్ల క్షణకాలం విస్తుపోవాలని రచయితలు ఆశించారు. కాని ఆ విస్మయానికి మార్కులు పెట్టిన వెంటనే అది "కావున నేను నీటి విశిష్టోష్ణాన్ని అభినందిస్తున్నాను" అని ముగిసే ఒక పేరాగా మారింది. అభినందన పరీక్షకు లొంగే వస్తువు కాదు. దానిని బోధనలో ఉంచి, మార్కుల పట్టికనుండి తప్పించి ఉంటే బాగుండేది.

ఇక ప్రయోగం. ఒక ఘనపదార్థపు విశిష్టోష్ణాన్ని కనుగొనే విధానాన్ని కెలోరీమీటరును ఎన్నడూ ముట్టుకోని విద్యార్థి చక్కగా రాయగలడు. కాగితంమీద ఏ ఉష్ణమాపకమూ పగలదు, నీళ్లు ఒలకవు, లెక్క తప్పదు. చేతితో చేసినవానికి మాత్రమే రెండు కొలతలు ఎందుకు కలవలేదన్న చిక్కు ఎదురవుతుంది. ఆ చిక్కే ప్రయోగంలోని చదువు. 80 మార్కుల రాతపరీక్ష ఎంత తెలివిగా రూపొందించినా ఈ చదువును చూడలేదు. దానిని చూడగలిగినవాడు తరగతి గదిలోని ఉపాధ్యాయుడు ఒక్కడే. అందుకే ఆ 20 మార్కులు ఏర్పడ్డాయి.

ఇరవై మార్కుల కథ

ఆ ఇరవై మార్కులకు పట్టిన గతి అందరికీ తెలిసినదే. కొన్ని పాఠశాలలు తమ విద్యార్థులందరికీ ఇరవైకి ఇరవై వేయసాగాయి. ప్రాజెక్టు నివేదికలు దుకాణాలలో సిద్ధంగా దొరకసాగాయి. నిజాయితీగా పదమూడు, పదునాలుగు వేసిన ఉపాధ్యాయుడు తన విద్యార్థులకే అన్యాయం చేసినవాడయ్యాడు. ఇది కేవలం నీతికి సంబంధించిన ప్రశ్న కాదు. 2008లో స్థాపితమైన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పదవ తరగతి ఫలితాలను ఆధారం చేసుకొనే గ్రామీణ విద్యార్థులకు ప్రవేశాలు ఇస్తూ వచ్చింది. ఒకచోట ఊరకే ధారపోసిన ఆరు మార్కులు, మరొకచోట నిజంగా పనిచేసిన పిల్లవాని సీటును తన్నుకుపోగలవు.

కనుక ఈ మార్కులను తీసివేయాలన్నవారి వాదంలో బలం ఉన్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో వాటిని తొలగించింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు చివరలో, ఇకపై వంద మార్కులకూ రాతపరీక్షే ఉంటుందని ప్రకటించింది. విద్యాసంవత్సరం నడిమధ్యలో ఇదేమి మార్పు అన్న ఆందోళన రాగా, ఒకటి రెండు రోజులలోనే దానిని 2025–26కు వాయిదా వేసింది. 2025 ఆగస్టులో, ఆ సంవత్సరానికి కూడ 80–20 పద్ధతే కొనసాగుతుందని తెలిపింది.

ఈ ఊగిసలాటను పరిహసించడం సులభం. కాని ఇందులో ఒక నిజమైన ధర్మసంకటం ఉన్నది. ఇరవై మార్కులను ఉన్నవి ఉన్నట్లు ఉంచితే మోసం కొనసాగుతుంది. తీసివేస్తే, చేతితో చేసే పనిని చూచే ఏకైక కన్ను మూసుకుపోతుంది. వంద మార్కులూ కాగితంమీదనే అయినప్పుడు ప్రయోగశాల తాళం తీయడానికి ఉపాధ్యాయునికి మిగిలే కారణం ఆయన మనస్సాక్షి ఒక్కటే. మనస్సాక్షి గల ఉపాధ్యాయులు మనకు ఎందరో ఉన్నారు. వారి భారాన్ని పెంచడం మాత్రం విధానం అనిపించుకోదు.

2020 నాటి జాతీయ విద్యావిధానం బట్టీ చదువును తగ్గించి సామర్థ్యాలను అంచనా వేయాలని గట్టిగా చెప్పింది. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి పదవ తరగతి ప్రశ్నపత్రంలో సగం ప్రశ్నలను ఈ కోవకు కేటాయించింది. 2023లో పరఖ్ అనే జాతీయ మూల్యాంకన కేంద్రం ఏర్పడి, 2024 డిసెంబరు 4న మూడు, ఆరు, తొమ్మిది తరగతుల విద్యార్థులపై దేశవ్యాప్తంగా సర్వే జరిపింది. ఇవన్నీ మంచివే. అయితే పరీక్ష బోర్డును మార్చినంత మాత్రాన సామర్థ్యం రాదని మనకు దగ్గరలోనే ఒక అనుభవం ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు వేయి ప్రభుత్వ పాఠశాలలను కేంద్రీయ మండలికి అనుబంధించారు. 2024 సెప్టెంబరులో ఆ పాఠశాలల పదవ తరగతి విద్యార్థులను 2024–25లో మళ్లీ రాష్ట్ర బోర్డు పరీక్షకే పంపాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ పరీక్షా విధానానికి విద్యార్థులు సన్నద్ధంగా లేరన్నది అందుకు చెప్పిన కారణం. ప్రశ్నపత్రాన్ని ఒక ఉత్తర్వుతో మార్చవచ్చు. ప్రశ్నను ఎదుర్కొనే అలవాటు తరగతి గదిలో ఏండ్ల తరబడి పెరగాలి.

పాత కుండ, రంగు కుండ

ఆ అలవాటు ఎట్లా పెరుగుతుందో, దానిని ఎట్లా అంచనా వేయవచ్చునో ఒక ఉదాహరణతో చూద్దాం. వేసవి వచ్చేసరికి మన వీధులలో మట్టికుండలు అమ్మకానికి వస్తాయి. ఈ మధ్య వెలుపల నూనెరంగు పూసి, పూలు వేసిన అందమైన కుండలు కూడ వస్తున్నాయి. రంగు పూసిన కుండలో నీళ్లు మామూలు కుండలోని నీళ్లంత చల్లబడతాయా? ఎట్లా తెలుసుకుంటారు? ఇది ఎనిమిది, తొమ్మిది, పది తరగతులలో ఎవరినైనా అడగదగిన ప్రశ్న. దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. రెండు కుండలు, ఒక ఉష్ణమాపకం, వీలైతే ఒక తక్కెడ చాలు.

కుండ గోడలోని సన్నని రంధ్రాలగుండా నీరు వెలుపలికి ఊరి, గాలిలోకి ఇగిరిపోతుంది. ఇగరడానికి కావలసిన ఉష్ణాన్ని అది కుండనుండి, లోపలి నీటినుండి తీసుకుంటుంది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఒక గ్రాము నీరు ఇగరడానికి సుమారు 580 కెలోరీల ఉష్ణం కావాలి. కుండలో 10 లీటర్ల నీరు ఉన్నదనుకుందాం. అందులో 100 గ్రాములు ఇగిరితే 58,000 కెలోరీలు ఖర్చవుతాయి. ఆ ఉష్ణమంతా లోపలి నీటినుండే పోయిందనుకుంటే, 10,000 గ్రాముల నీరు 5.8 సెంటీగ్రేడు డిగ్రీలు చల్లబడాలి. చుట్టూ ఉన్న వేడిగాలి కూడ కుండకు కొంత ఉష్ణాన్ని తిరిగి ఇస్తూ ఉంటుంది కనుక నిజంగా చల్లబడేది అంతకంటె తక్కువ. రంగు పూత రంధ్రాలను మూసివేస్తే ఈ పని అంతా మందగిస్తుంది.

తరగతిలో దీనిని చేయించినప్పుడు విద్యార్థులు మూడు మెట్లలో కనిపిస్తారు. మొదటి మెట్టుమీద ఉన్నవారు ఇగరడం వల్ల చల్లబడుతుందని చెప్పి ఆగిపోతారు. రెండవ మెట్టుమీద ఉన్నవారు ప్రయోగాన్ని సరిగా ఏర్పరచగలరు. రెండు కుండలూ ఒకే పరిమాణంలో ఉండాలనీ, రెంటిలోనూ సమానంగా నీరు పోయాలనీ, రెంటినీ ఒకే నీడలో ఉంచాలనీ, అరగంటకు ఒకసారి ఉష్ణోగ్రత రాసుకోవాలనీ వారు తామే గ్రహిస్తారు. రంగు ఒక్కటే తేడాగా మిగిలేటట్లు చూస్తారు. మూడవ మెట్టుమీద ఉన్నవారు అనుకోని ఫలితంతో తలపడతారు. వానరోజున చేస్తే రెండు కుండలకూ తేడా కనిపించలేదు. ప్రయోగం చెడిపోయిందా, లేక గాలిలోని తేమ ఇందులో పాత్ర వహిస్తున్నదా? ఈ సందేహాన్ని ఎవరూ చెప్పకుండా తనంతట తాను లేవదీసిన విద్యార్థి ప్రశ్నించే సామర్థ్యాన్ని చూపినట్లే. దీనిని ఏ గైడూ ముందుగా అచ్చువేయలేదు; ఎందుకంటే ఆ రోజున ఆ ఊరిలో వాన కురుస్తుందని గైడుకు తెలియదు!

విద్యార్థి నోటుపుస్తకంలోని కొలతల పట్టికను చూస్తే అతడు ఏ మెట్టుమీద ఉన్నాడో వేరొక ఉపాధ్యాయుడు కూడ చెప్పగలడు. ఈ వాక్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఇరవై మార్కుల చిక్కుముడి విప్పే దారి ఇక్కడే ఉన్నది.

చేయదగినవి

మొదటిది: అంతర్గత మార్కులను రద్దు చేయడానికి బదులు బహిరంగం చేయాలి. ఉపాధ్యాయుడు వేసిన మార్కుకు ఆధారమైన పని, అంటే విద్యార్థి స్వదస్తూరితో రాసుకొన్న పరిశీలనలు, బడిలో భద్రంగా ఉండాలి. ఒకే స్కూల్ కాంప్లెక్సుకు చెందిన నాలుగైదు బడుల విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు ఏడాదికి రెండుమార్లు కూర్చుని, ఒకరి విద్యార్థుల పనిని ఒకరు చదివి, మార్కులు సరిపోల్చుకోవాలి. స్కూల్ కాంప్లెక్సు అనే ఏర్పాటును కొఠారీ సంఘమే సూచించింది. 2020 విధానం దానిని మళ్లీ ప్రస్తావించింది. నేడు ఆ సమావేశాలు ఉత్తర్వులు చదువుకోవడంతో ముగుస్తున్నాయి. వాటికి ఇంతకంటె మంచి పని దొరకదు. ప్రైవేటు పాఠశాలలు కూడ ఇందులో తప్పనిసరిగా చేరాలి. లేకపోతే నిజాయితీ ఒక పక్షానికే శిక్ష అవుతుంది. ఒక బడిలో అందరికీ ఇరవై వచ్చి, రాతపరీక్షలో మాత్రం సగంమందికి అత్తెసరు మార్కులు వస్తే, ఆ బడి పనిని మళ్లీ పరిశీలించే అధికారం పరీక్షల శాఖకు ఉండాలి.

రెండవది: పబ్లిక్ పరీక్షలో కొన్ని ప్రశ్నలైనా ప్రతి ఏటా నిజంగా కొత్త సందర్భాలనుండి రావాలి. రాష్ట్రమంతటా ఉన్న ఉపాధ్యాయులు తమ ఊరి అనుభవంనుండి ప్రశ్నలు తయారు చేసి పంపే ఏర్పాటు ఉంటే, గైడు ఎంత పరుగెత్తినా వాటిని అందుకోలేదు. అయితే కొత్త ప్రశ్న అంటే కఠినమైన ప్రశ్న కాదు. కళ్లద్దాల ప్రశ్నకు పెద్ద లెక్కలు అక్కరలేదు. పట్టణపు పిల్లలకే తెలిసిన వస్తువులతో ప్రశ్న కూర్చితే గ్రామీణ విద్యార్థికి అన్యాయం జరుగుతుంది. ఏ.సి. రైలు ఎక్కని పిల్లకు, తెల్లవారుజామున వరిగడ్డిపై పడ్డ మంచు ప్రశ్నగా రావాలి.

మూడవది: సామర్థ్యాల జాబితా చిన్నదిగా ఉండాలి. ఏడు ప్రమాణాలకూ మార్కుల వాటా పంచి పెట్టడం వల్ల ప్రతి ప్రమాణమూ ఒక ప్రశ్నరకంగా గిడసబారింది. విషయావగాహన, ప్రయోగం, వినియోగం — ఈ మూడింటిని మార్కులతో కొలిచి, తక్కిన వాటిని పాఠం నడిచే తీరులో ఉంచడం మేలు.

నాలుగవది అన్నింటికంటె కష్టమైనది, ఖర్చుతో కూడినది. అరవై మంది పిల్లలున్న తరగతిలో, ఇతర విధుల భారంతో సతమతమయ్యే ఉపాధ్యాయుడు ఒక్కొక్కరి పరిశీలనను చదివి వ్యాఖ్య రాయగలడా? నోటుపుస్తకానికి అయిదు నిమిషాలు చొప్పున చూచినా ఒక తరగతికి అయిదు గంటలు పడుతుంది. అటువంటి తరగతులు ఆయనకు నాలుగు ఉంటే ఇరవై గంటలు. ఈ ఇరవై గంటలు ఎక్కడినుండి వస్తాయో చెప్పని విధాన పత్రం అసంపూర్ణమైనది.

మన గడ్డమీది నిదర్శనం

ఇవన్నీ కాగితంమీది ఆశలే అనే పాఠకునికి ఒక నిదర్శనం చూపవచ్చు. చిత్తూరు సీమలో మదనపల్లె సమీపాన ఉన్న ఋషివ్యాలీలో, 1980 దశకంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల పిల్లలకోసం చిన్న బడులు ప్రారంభించారు. అక్కడ ఒకే గదిలో వివిధ తరగతుల పిల్లలు కూర్చుంటారు. నేర్వవలసిన అంశాలను ఒక నిచ్చెనగా అమర్చి, ప్రతి మెట్టుకు కార్డులు తయారు చేశారు. పరిచయం, అభ్యాసం, మూల్యాంకనం అన్నీ ఆ కార్డులలోనే ఉంటాయి. ఒక మెట్టు వచ్చిన తరువాతనే పిల్లవాడు పై మెట్టుకు పోతాడు. రాకపోతే సిగ్గుపడకుండా మళ్లీ ప్రయత్నిస్తాడు. ఈ పద్ధతి స్ఫూర్తితో కర్ణాటకలో నలి–కలి, తమిళనాడులో కృత్య ఆధారిత బోధన విస్తరించాయి.

ఆ బడులు ప్రాథమిక స్థాయివి. వాటి చివర పదవ తరగతి పబ్లిక్ పరీక్ష లేదు. ఆ స్వేచ్ఛ ఉన్నత పాఠశాలకు లేదన్న మాట నిజమే. అయినా అక్కడినుండి మనం తెచ్చుకోదగినది ఒకటి ఉన్నది. ఆ కార్డులను పల్లె ఉపాధ్యాయులతో కలిసి, పల్లె బ్రతుకులోనుండి ఉదాహరణలు తీసి రూపొందించారు. సామర్థ్యం ఎక్కడ ఉంటుందో తెలిసినవాడు ఆ పిల్లల మధ్య నిత్యం ఉండేవాడే అన్న విశ్వాసం దాని వెనుక ఉన్నది. మన ఇరవై మార్కుల కథలో తెగిపోయింది ఆ విశ్వాసమే. దానిని ఉత్తర్వుతో తెప్పించలేము. ఉపాధ్యాయులు ఒకరి పనిని ఒకరు ధైర్యంగా చూపుకొన్ననాడు అది మెల్లగా తిరిగివస్తుంది.

ప్రభుత్వం ఈ పనులన్నీ చేసేదాకా ఉపాధ్యాయులు చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. వారానికి ఒక్క ప్రశ్న, పుస్తకంలోనూ గైడులోనూ లేని ప్రశ్న, మార్కులు లేని ప్రశ్న తరగతిలో వేసి చూడండి. పిల్లలు తప్పు చెబితే చెప్పనివ్వండి. సమాధానం మీకే తెలియకపోతే ఆ మాట పైకి చెప్పి, వారితో కలిసి వెతకండి. ఇక విద్యార్థులకు ఒక మాట. ఈసారి పరీక్షలో ప్రశ్నలు రాయుమని అడిగితే, కంఠస్థం చేసినవి ఎటూ రాస్తారు, తప్పదు. కాని మీకు నిజంగా కలిగిన సందేహం ఒకటి వేరే పుస్తకంలో రాసి పెట్టుకోండి. దానికి ఎవరూ మార్కులు వేయరు. రేపు వేసవిలో రెండు కుండలు తెచ్చి, నీళ్లు పోసి, దాని సంగతి తేల్చుకోవచ్చు.